పేపరు మూసి రాయండి: కొత్తగా చేరిన రీసెర్చ్ స్కాలర్‌కు

పీహెచ్‌డీలో చేరిన కొత్తలో గైడ్ గారి నోట వినే మాట ఒక్కటే: "ముందు లిటరేచర్ చూడమ్మా, ఆ తర్వాత మాట్లాడదాం." ఎలా చూడాలో మాత్రం ఎవరూ చెప్పరు. నేనేం చేశానంటే, డెస్క్‌టాప్ మీద రెండొందల పీడీఎఫ్‌లు పోగేశాను. గడపకి పసుపు రాసినట్టు ఒక్కోదానికీ హైలైటర్ రాసేశాను. ఆరు నెలలు అలా గడిచాక సెమినార్‌లో ఒక మేడమ్ అడిగారు: "సరే, వీటన్నిట్లో నీకు అర్థమైందేంటి?" నోట మాట రాలేదు. చదివాననుకున్నదంతా కళ్లతో చూసిందే తప్ప బుర్రలోకి వెళ్లింది కాదు.

ఆ తర్వాత నెమ్మదిగా తెలిసొచ్చిన సంగతేమిటంటే, చదవడం అయ్యాక రాయడం మొదలవదు. రాస్తేనే చదవడం పూర్తవుతుంది. విశాఖలో వాల్తేరు అప్‌ల్యాండ్స్‌లోనో, ఋషికొండ వైపో, గాజువాక పక్కనో ఏదో ఒక ల్యాబ్‌లో ఈ మధ్యే కుర్చీ దొరికిన సైన్స్, ఇంజినీరింగ్ స్కాలర్లకు నాకు పనికొచ్చిన పద్ధతి చెబుతాను. పట్టుకోవడానికి ఒక ఉదాహరణ ఉంటే తేలిక కాబట్టి, మీరు విశాఖ హార్బర్ నీళ్లలోనూ ఋషికొండ దగ్గర నీళ్లలోనూ ఫాస్ఫేట్ కొలుస్తున్నారనుకుందాం. మీది వెల్డింగో, మెషీన్ లెర్నింగో అయినా పద్ధతి ఇదే.

1. పేపరు తెరిచే ముందు ప్రశ్న రాసుకోండి

ఒక చిన్న కాగితం మీద, పూర్తి వాక్యంగా. "ఫాస్ఫేట్ గురించి చూడాలి" అన్నది ప్రశ్న కాదు. "మేఘాద్రి గెడ్డ నీళ్లు వచ్చి కలిసే హార్బర్‌లో ఫాస్ఫేట్ ఏ నెలలో పెరుగుతుంది, బయటి సముద్రంతో పోలిస్తే ఎంత తేడా?" అన్నది ప్రశ్న. ఇది చేతిలో ఉంటే వంద పేపర్లలో ఎనభై మీవి కావని చూడగానే తెలిసిపోతుంది. ప్రశ్న వారం వారం మారుతుంది, మారనివ్వండి. పాత కాగితాలు పారేయకండి, మీ ఆలోచన ఎటునుంచి ఎటు నడిచిందో తర్వాత వాటిలోనే కనిపిస్తుంది.

2. పేపర్లు తెచ్చుకునే దారులు

డబ్బులిచ్చి కొనే పని దాదాపు ఎప్పుడూ పడదు. ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో, కేంద్ర పరిశోధన సంస్థల్లో ఉన్నవాళ్లకు 2025 నుంచి 'వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్' ఉంది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 జర్నల్స్ దాని కింద అందుబాటులోకి వచ్చాయి. క్యాంపస్ నెట్‌వర్క్ బయట ఎలా లాగిన్ అవ్వాలో మొదటి వారమే లైబ్రరీలో అడిగి నేర్చుకోండి. ఇది తెలియక సెలవుల్లో ఇంట్లో ఖాళీగా కూర్చున్న స్కాలర్లను చూశాను. ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఉంటే మీ లైబ్రరీ ఏవి కొంటోందో కనుక్కోండి. అక్కడ లేనిది ఆర్కైవ్ లాంటి ప్రీప్రింట్ సైట్లలో (జర్నల్‌లో రాకముందే రచయితలు పేపర్లు పెట్టే చోట్లు) దొరకొచ్చు. అదీ లేకపోతే పేపరు రాసినాయనకే రెండు వాక్యాల ఈమెయిల్ పెట్టండి, తన పేపరు అడిగితే సంతోషించని శాస్త్రవేత్త అరుదు.

మన దేశంలో వచ్చిన థీసిస్‌లు చాలావరకు 'శోధ్‌గంగ' వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీ డిపార్ట్‌మెంట్‌లో మీకు ముందు చేసినవాళ్ల థీసిస్‌లు కనీసం మూడు తిరగేయండి. మొత్తం చదవక్కర్లేదు, పద్ధతులు రాసిన అధ్యాయం చాలు. మీ ల్యాబ్‌లో ఏ పరికరం ఎప్పటినుంచి ఉందో, ఏ స్టేషన్‌లో నమూనాలు ఎలా తీశారో అక్కడే తెలుస్తుంది.

3. పదిహేను నిమిషాల్లో తేల్చండి

పేపరు మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా నవలలా చదివేది కాదు. ముందు శీర్షిక, సారాంశం. తర్వాత ఒక్క గంతులో బొమ్మల దగ్గరకు వెళ్లండి. ప్రతి గ్రాఫుకీ అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది, యూనిట్లేమిటి, గీతల చుట్టూ ఎర్రర్ బార్లు ఉన్నాయా అని చూసి, ఆ గ్రాఫు ఏం చెబుతోందో రచయితల మాట వినకుండా మీరే ఊహించండి. ఆ తర్వాత ముగింపు చదవండి. మీ ఊహకీ వాళ్ల మాటకీ తేడా ఉంటే ఆ పేపరు చదవాల్సిందే. తప్పు వాళ్లదైనా మీదైనా నేర్చుకునేది అక్కడే ఉంది.

పదిహేను నిమిషాలయ్యాక మూడు కుప్పల్లో ఒకదానిలో వేయండి: లోతుగా చదవాలి, పద్ధతుల వరకు చూడాలి, వద్దు. మూడో కుప్ప పెద్దదైతే కంగారు పడకండి. అది మంచి లక్షణం.

లోతుగా చదివేటప్పుడు నేను ఇంట్రడక్షన్ ఆఖరికి వదిలేస్తాను. అక్కడ రచయితలు తమ పని ఎందుకు గొప్పదో చెప్పుకుంటారు, ముందే చదివితే వాళ్ల కళ్లజోడు మనకి తగులుకుంటుంది. అసలు దమ్ము పద్ధతుల్లో ఉంటుంది. నమూనా ఎన్ని గంటలు నిల్వ ఉంది? ఎన్నిసార్లు కొలిచారు? బ్లాంక్ (నమూనా లేకుండా అవే రసాయనాలతో కొలత) నడిపారా? ఇంజినీరింగ్ పేపరైతే దేనితో పోల్చారు? వెల్డింగ్ లోపాల్ని 95 శాతం కచ్చితత్వంతో పట్టే ప్రోగ్రామ్ రాశామంటారు. వాళ్ల డేటాలో వందకి తొంభై ఐదు అతుకులు బాగానే ఉంటే, కళ్లు మూసుకుని "అన్నీ బాగున్నాయి" అనేవాడికీ 95 శాతమే వస్తుంది. ఈ లెక్క వేసుకోకుండా ఆ అంకెను మీ లిటరేచర్ రివ్యూలో ఎక్కించకండి.

4. మూసేయండి, తెలుగులో రాయండి

ఈ మెట్టు దాటేస్తే మిగతాదంతా వృథా అని నా గట్టి నమ్మకం.

పేపరు చదవడం అయ్యాక పీడీఎఫ్ మూసేయండి. ల్యాప్‌టాప్ కూడా మూస్తే ఇంకా మంచిది. నోట్‌బుక్ తీసి నాలుగైదు వాక్యాలు రాయండి, తెలుగులో. అచ్చ తెలుగు అక్కర్లేదు. మన ల్యాబ్‌లో మాట్లాడుకునే తెలుగే: "వీళ్లు మూడు స్టేషన్లలో నెలకోసారి శాంపిల్స్ తీశారు. వానల తర్వాత ఫాస్ఫేట్ పెరిగింది. అది గెడ్డ నీళ్ల వల్లే అంటున్నారు. కానీ ఆటుపోట్ల సమయం రాయలేదు, పోటులో తీశారో ఆటులో తీశారో తెలీదు. నాకు అనుమానంగా ఉంది."

తెలుగు ఎందుకంటే, ఇంగ్లీషులో రాయబోతే వాళ్ల వాక్యాలే చేతికి వస్తాయి. కళ్ల ముందు ఇప్పుడే నడిచి వెళ్లిన వాక్యం కదా. అర్థం కాకపోయినా అర్థమైనట్టే ఉంటుంది. తెలుగులో ఆ మోసం కుదరదు. అర్థం కానిచోట కలం ఆగిపోతుంది. ఆగినచోట పేపరు మళ్లీ తెరిచి, ఆ ఒక్క పేరా చదివి, మళ్లీ మూసి రాయండి. కాపీ కొట్టారన్న మాట పడే స్కాలర్లలో చాలామంది దొంగబుద్ధితో చేసినవాళ్లు కారు. ఇంగ్లీషు మీద భయంతో ఒరిజినల్ వాక్యం పట్టుకుని, నాలుగు మాటలు మార్చి వదిలినవాళ్లు. మధ్యలో తెలుగు మజిలీ ఒకటి పెట్టుకుంటే ఆ తాడు తెగిపోతుంది.

ఆ రోజే ఒక ఎక్సెల్ షీట్‌లో ఒక వరుస నింపండి. నా షీట్‌లో గడులు ఇవి: ఎవరు, ఏ సంవత్సరం, ఏ చోటు, ఏం ప్రశ్న, ఏ పద్ధతి, ముఖ్యమైన అంకె యూనిట్‌తో సహా, వాళ్లు చేయనిదేమిటి, నా అనుమానం. చివరి రెండు గడులూ ఖాళీగా ఉంటే ఆ పేపరు మీరు చదవనట్టే. ముప్పై వరుసలు నిండాక షీట్‌ని పై నుంచి కిందకి చూడండి. "చేయనిదేమిటి" గడిలో ఒకే మాట ఎనిమిదిసార్లు కనిపిస్తే, అదిగో మీ థీసిస్. లిటరేచర్ రివ్యూ రాసేటప్పుడు కూడా "ఫలానా వాళ్లు ఇది చేశారు, ఫలానా వాళ్లు అది చేశారు" అని రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా రాయకుండా, నిలువు గడుల వెంబడి రాయొచ్చు: ఈ విషయంలో అందరూ ఒప్పుకున్నది ఇది, తగాదా ఉన్నది ఇక్కడ, ఎవరూ ముట్టుకోనిది ఇది.

5. మూలం దాకా వెళ్లండి

ఫాస్ఫేట్ కొలిచే ప్రతివాళ్లూ "మర్ఫీ, రైలీ 1962" అని సైట్ చేస్తారు, అంటే ఆధారంగా చూపిస్తారు. సముద్రపు నీటిలో మాలిబ్డేట్ కలిపి, ఆస్కార్బిక్ ఆమ్లం, ఆంటిమొనీ సాయంతో నీలం రంగు తెప్పించి, 880 నానోమీటర్ల దగ్గర కొలిచే పద్ధతి అది. ఎంతమంది ఆ పేపరు తెరిచి చూశారో నాకు అనుమానమే. ముందరి థీసిస్‌లోంచి సైటేషన్ తీసుకుని అతికిస్తారు, అందులో తప్పుంటే తప్పుతో సహా.

మూలం తెరిస్తే రెండు లాభాలు. మీరు చేస్తున్న పనిలో ఏ మెట్టు ఎందుకుందో తెలుస్తుంది. ఎంతసేపు ఆగాలో, ఏది అడ్డొస్తుందో అక్కడ రాసి ఉంటుంది. రెండోది, కథ ఇంకా వెనక్కి సాగుతుంది. ఆ నీలం రంగు దారి పట్టుకుని వెళ్తే 1925లో జర్నల్ ఆఫ్ బయొలాజికల్ కెమిస్ట్రీలో వచ్చిన ఫిస్కే, సుబ్బారావు పేపరు తగులుతుంది. ఆ సుబ్బారావు మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావే. రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్ కొలవడానికి ఆయన హార్వర్డ్‌లో ఉండగా తయారైన పద్ధతి. క్షయకరణిగా (రెడ్యూసింగ్ ఏజెంట్‌గా) వాడిన పదార్థం వేరు, ఊహ అదే. ఆ పేరు మొదటిసారి సైటేషన్‌లో కాకుండా పేపరు తల మీద చూసిన రోజు నాకు ఇప్పటికీ గుర్తుంది.

విశాఖ తీరం మీద పనిచేసేవాళ్లకు ఇంకో పాత గని ఉంది. 1950ల మొదట్లో అమెరికా నుంచి ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన యూజీన్ లాఫాండ్, ఇక్కడి విద్యార్థులతో కలిసి ఈ తీరంలో నీరు అడుగు నుంచి పైకి ఉబికి రావడాన్ని గమనించి రాశారు. వేసవి ముందు నెలల్లో చల్లటి, పోషకాలున్న నీరు పైకి వస్తుంది. మార్చిలో ఋషికొండ దగ్గర ఫాస్ఫేట్ పెరిగిందని చూసి వెంటనే మురుగు కాలువ మీద నేరం మోపేముందు ఈ పాత పేపర్లు చదివి ఉండాలి. లేకపోతే జర్నల్ తరఫున మీ పేపరు పరిశీలించే రివ్యూయర్ చదివిస్తాడు.

పాత పేపర్లలో ఒక గొయ్యి ఉంది, నేను పడ్డాను కాబట్టి చెబుతున్నాను. అప్పట్లో పోషకాలను 'మైక్రోగ్రామ్ ఆటమ్ పర్ లీటర్' అనే యూనిట్‌లో రాసేవాళ్లు. అది ఈనాటి మైక్రోమోల్ పర్ లీటర్‌కు సమానం. 'ఆటమ్' అన్న మాట గమనించకుండా మైక్రోగ్రామ్ అనుకుని మార్చారో, ఫాస్ఫరస్ అయితే 31 రెట్లు తేడా వస్తుంది. యాభై ఏళ్లలో సముద్రం తలకిందులైందని తేల్చేసి, గ్రాఫు గీసి, గైడ్ గారికి చూపించాను. ఆయన నవ్వలేదు. "యూనిట్ చూసుకో" అని మాత్రం అన్నారు. నవ్వి ఉంటేనే బాగుండేది.

6. దాచుకునే పద్ధతి

జొటెరో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకోండి. పేపరు తెచ్చుకున్న క్షణంలోనే అందులో వేస్తే, రిఫరెన్సుల పట్టిక అదే తయారవుతుంది. జర్నల్ మారితే స్టైల్ ఒక్క నొక్కుతో మారుతుంది. తప్పులున్నాయని జర్నల్స్ వెనక్కి తీసుకున్న పేపర్లు మీ దగ్గరుంటే హెచ్చరిస్తుంది కూడా. చేత్తో రిఫరెన్సులు టైపు చేసుకుంటూ కూర్చోవడం ఓపిక కాదు, కాలాన్ని పారబోసుకోవడం. సమీకరణాలు ఎక్కువుండేవాళ్లు లేటెక్ అనే టైప్‌సెట్టింగ్ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి. రెండు వారాలు ఏడిపిస్తుంది, ఆ తర్వాత మీ మాట వింటుంది.

మీ డేటా, రాతలు మూడు చోట్ల ఉండాలి, అందులో ఒకటి వేరే భవనంలోనో క్లౌడ్‌లోనో. 2014 అక్టోబర్ 12, ఆదివారం. హుద్‌హుద్ తుఫాను వచ్చిన రోజు. మా ల్యాబ్ కిటికీ అద్దాలు పగిలి వాన నీరు నేరుగా కంప్యూటర్ మీద పడింది. ఊళ్లో రోజుల తరబడి కరెంటు లేదు, చూసుకునే దారీ లేదు. రెండు నెలల రీడింగులు పోయాయి. మిగిలింది నా సంచిలో ఉన్న రాత నోట్‌బుక్ ఒక్కటే. దానిలో అంకెలు, తేదీలు, ఆ రోజు గాలి ఎటు వీచిందో కూడా ఉంది కాబట్టి సగం తిరిగి కట్టుకోగలిగాను. అందుకే కంప్యూటర్ ఉన్నా ల్యాబ్ నోట్‌బుక్ చేత్తో రాయమంటాను.

7. బొమ్మలతో మొదలుపెట్టి వెనక్కి రండి

సొంత పేపరు రాయడానికి కూర్చుని "ఇంట్రడక్షన్" అని టైపు చేసి, కర్సర్ కొట్టుకోవడం చూస్తూ సాయంత్రం చేయడం అందరికీ అనుభవమే. అక్కడ మొదలుపెట్టకండి. గ్రాఫులు, పట్టికలు ముందు ప్రింటు తీసి నేల మీద పరవండి. ఏది ముందు, ఏది తర్వాత పెడితే కథ నడుస్తుందో జరిపి చూడండి. ఏ కథలోనూ ఇమడని గ్రాఫు, ఎంత కష్టపడి తెచ్చినదైనా, పక్కన పెట్టండి. బాధగానే ఉంటుంది.

వరుస కుదిరాక ఒక్కో బొమ్మ కింద వివరణ రాయండి. మిగతా పేపరు చదవనివాడికి కూడా అది ఒక్కటే చూస్తే అర్థమవ్వాలి: ఏ చోటు, ఏ నెలలు, ఎన్ని నమూనాలు, గీతల చుట్టూ ఉన్నది స్టాండర్డ్ డీవియేషనా, స్టాండర్డ్ ఎర్రరా. ఆ తర్వాత ఫలితాలు. పద్ధతుల భాగం అసలు పని చేస్తున్న రోజుల్లోనే రాసేసి ఉండాలి. మూడేళ్ల తర్వాత ఫిల్టర్ రంధ్రం ఎంత ఉండేదో ఎవరికి గుర్తుంటుంది? చర్చ, ఆ తర్వాత ఇంట్రడక్షన్, ముగింపు. సారాంశం, శీర్షిక అన్నిటికన్నా ఆఖరున.

అంకెల దగ్గర నిజాయితీగా ఉండండి. పరికరం రెండో దశాంశం దాకానే నమ్మదగ్గదైతే, ఎక్సెల్ ఇచ్చిన 0.84733 అలాగే దించకండి. 0.85 అని రాసి, పక్కన ప్లస్ ఆర్ మైనస్ ఎంతో, ఎన్నిసార్లు కొలిచారో చెప్పండి. ఎక్కువ అంకెలు రాస్తే ఎక్కువ సైన్స్ అవుతుందని మనకెవరు నేర్పారో తెలీదు.

ఇంట్రడక్షన్‌కి మూడు పేరాలు చాలు: ఇప్పటిదాకా తెలిసింది, తెలియనిది, మేం చేసింది. భూమిలో 71 శాతం సముద్రమేనని మొదలుపెట్టకండి. ఆ జర్నల్ చదివేవాళ్లకి ఆ సంగతి తెలుసు. డొంకతిరుగుడు లేకుండా గెడ్డ దగ్గరకో, హార్బర్ దగ్గరకో రండి. నిడివి మీద మోజున్నవాళ్లు ఒకసారి తలచుకోవాలి: రామన్, కృష్ణన్ 1928లో నేచర్ జర్నల్‌కి పంపిన తొలి కబురు ఒక పేజీ కూడా లేదు. డీఎన్ఏ నిర్మాణం గురించిన 1953 పేపరు కూడా పేజీ దాటీ దాటకుండా ముగిసింది.

కథ కుదిరిందో లేదో చూసుకోవడానికి నా పరీక్ష ఒకటుంది. మీ సబ్జెక్టు కాని స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, ఆర్కే బీచ్‌లో కాళీమాత గుడి దగ్గర మురీ మిక్చర్ కొనిపెట్టి, కుర్సురా సబ్‌మెరైన్ దాకా నడిచేలోపు మీ పేపరు చెప్పేయండి. సబ్‌మెరైన్ దగ్గరికొచ్చినా ఇంకా "దానికి ముందు ఏంటంటే" అంటున్నారంటే పేపరు ఇంకా రాయడానికి సిద్ధంగా లేదు. వాడు మధ్యలో అడిగిన ప్రశ్నలు ఇంటికెళ్లగానే రాసుకోండి, రివ్యూయర్ అడిగేవీ అవే.

8. తెలుగు నోటికి అలవాటైన ఇంగ్లీషు తప్పులు

సంగతి తెలుగులో ఆలోచించండి అన్నాను. వాక్యాన్ని తెలుగులోంచి మోసుకెళ్లమనలేదు. మనకి క్రియ చివర్న వస్తుంది. "నమూనా తెచ్చి, వడకట్టి, ఐసులో పెట్టి, ల్యాబుకి తెచ్చి, రసాయనం కలిపి, పది నిమిషాలాగి కొలిచాం" అంటే వినసొంపుగా ఉంటుంది, ఒక్క చోట కూడా తడబడం. ఇదే గొలుసు ఇంగ్లీషులో వేస్తే చదివేవాడు "కొలిచాం" దగ్గరికొచ్చేలోపు మొదట్లో ఏముందో మరిచిపోతాడు. మూడు వాక్యాలుగా తెంపండి. ఎవరు, ఏం చేశారన్నది వాక్యం మొదట్లోనే తేలిపోవాలి.

మనం కర్తని వదిలేస్తాం, వినేవాడు అర్థం చేసుకుంటాడు. ఆ అలవాటు ఇంగ్లీషులో నవ్వులపాలు చేస్తుంది. "యూజింగ్ ఎ స్పెక్ట్రోఫోటోమీటర్, ది శాంపిల్స్..." అని మొదలుపెడితే పరికరాన్ని వాడింది నమూనాలని అర్థం. అక్కడ 'వియ్' అని పెట్టడానికి సిగ్గుపడొద్దు, ఇప్పుడు చాలా జర్నల్స్ ఒప్పుకుంటాయి.

'ఎ', 'ది' అన్నవి మన భాషలో లేవు కాబట్టి అందరికీ జారిపోతాయి. మొదటిసారి ప్రస్తావించే వస్తువుకి 'ఎ', అదే వస్తువు మళ్లీ వస్తే 'ది', మామూలుగా సముద్రపు నీరు అన్న అర్థంలో అయితే ఏదీ అక్కర్లేదు. ఈ ఒక్క సూత్రంతో చాలా వరకు గట్టెక్కొచ్చు. కాలాల విషయం ఇంకా తేలిక. మీరు చేసింది భూతకాలం, గ్రాఫు చూపించేది వర్తమానం. ఇక 'డిస్కస్ అబౌట్', 'రిటర్న్ బ్యాక్', 'ది సేమ్ వజ్ డన్' లాంటివి ఆఫీసు ఉత్తరాల నుంచి మనకంటుకున్న జబ్బు. కనిపించినచోట తీసేయండి.

అన్నిటికన్నా పెద్ద తప్పు వ్యాకరణంలో ఉండదు, 'ప్రూవ్స్' అన్న మాటలో ఉంటుంది. నాలుగు నెలల నమూనాలు ఏదీ రుజువు చేయవు, సూచిస్తాయి. ఎంత గట్టిగా తెలిస్తే అంత గట్టిగానే చెప్పండి.

రాసినదాన్ని రెండు రోజులు మూసి ఉంచి, తర్వాత గొంతెత్తి చదవండి. ఊపిరి చాలనిచోట వాక్యం తెంపండి. సీనియర్ అక్కకో, అన్నకో ఇచ్చేటప్పుడు "ఎలా ఉందో చూడండి" అనొద్దు, "బాగుందమ్మా" అంటారంతే. "మూడో పేరాలో మీకు అర్థం కానిదేమిటి?" అని అడగండి.

9. కాపీ లెక్కలు, కృత్రిమ మేధ

యూజీసీ 2018 నిబంధనల ప్రకారం మీ థీసిస్‌కి ఇతరుల రాతలతో పోలిక 10 శాతం దాకా ఉంటే శిక్ష లేదు. 10 దాటి 40 శాతం దాకా అయితే ఆరు నెలల లోపు సరిదిద్ది మళ్లీ ఇవ్వాలి. 40 దాటి 60 దాకా అయితే ఏడాది పాటు ఇవ్వనివ్వరు. 60 దాటితే రిజిస్ట్రేషనే పోతుంది. రిఫరెన్సులు, విషయసూచిక, కృతజ్ఞతలు, పేరు చెప్పి కొటేషన్లలో పెట్టినవి, స్టాండర్డ్ సమీకరణాలు లెక్కలోకి రావు.

కానీ ఆ శాతం వెంట పరుగెత్తడం వెర్రితనం. మాటలు మార్చి ఊహ దొంగిలిస్తే సాఫ్ట్‌వేర్ పట్టలేదు, అది మాత్రం నిజమైన దొంగతనమే. పద్ధతుల వాక్యం నాలుగు పేపర్లలో ఒకేలా ఉందని సాఫ్ట్‌వేర్ ఎర్రగా చూపిస్తుంది, అది అంత నేరమూ కాదు. ఆ రిపోర్టు తెరిచి ఒక్కో ఎర్ర ముక్కనీ కళ్లతో చూసి తేల్చుకోండి.

చాట్‌జీపీటీ లాంటివి ఇంగ్లీషు సరిచేసుకోవడానికి వాడుకోండి. జర్నల్ అడిగితే వాడామని రాయండి. రిఫరెన్సులు మాత్రం వాటిని అడగకండి. లేని పేపరుకి రచయితల పేర్లు, సంపుటి, పేజీలు అన్నీ అందంగా అల్లి ఇస్తాయి. ప్రతి డీవోఐ (పేపరుకి ఉండే శాశ్వత లింకు) నొక్కి, పేపరు తెరుచుకుంటేనే పట్టికలో పెట్టండి. మీ కోసం పేపరు చదివి సారాంశం చెప్పమని అడగడం గురించి నా మాట ఒక్కటే: నాలుగో మెట్టు మళ్లీ చదవండి.

10. పంపడం, తిట్లు తినడం

జర్నల్ ఎంచుకోవడానికి మీ రిఫరెన్సుల పట్టికే దారి. మీరు ఎక్కువసార్లు సైట్ చేసిన రెండు మూడు జర్నల్స్‌లోనే మీ పాఠకులున్నారు. ఆమోదించిన జర్నల్స్ పేర్లుండే యూజీసీ కేర్ జాబితా 2025లో ఆగిపోయింది, కాబట్టి ఏది చెల్లుతుందో మీ విశ్వవిద్యాలయం నియమాలు చూసుకోండి. "మీ విలువైన పరిశోధన చదివి ముగ్ధులమయ్యాం" అని ఈమెయిల్ పంపే జర్నల్‌కి దూరంగా ఉండండి. ఒకదానికి నేను పంపాను. మూడో రోజుకే అంగీకరించారు, నాలుగో రోజు బిల్లు వచ్చింది. ఒక్క రివ్యూయర్ ప్రశ్న లేదు. వెనక్కి తీసుకుంటానంటే దానికీ రుసుము అడిగారు. సంపాదకవర్గంలో పేర్లున్నవాళ్లు తమ సొంత పేజీల్లో ఆ సంగతి చెప్పుకున్నారా అని ముందే చూసి ఉంటే సరిపోయేది.

రచయితల పేర్ల వరుస, ఎవరు ఏం చేశారన్నది, పని మొదట్లోనే గైడ్ గారితో మాట్లాడేసుకోండి. చివర్లో మాట్లాడితే మనసులు నొచ్చుకుంటాయి.

రివ్యూలు వచ్చిన రోజు జవాబు రాయొద్దు. చదివి, మూసి, అలా బీచ్ రోడ్డులో తిరిగి రండి. మర్నాడు పట్టిక చేయండి: ఒక గడిలో వాళ్ల మాట ఉన్నదున్నట్టు, పక్క గడిలో మీ జవాబు, మూడో గడిలో ఏ లైను మార్చారో. రివ్యూయర్ తప్పుగా అర్థం చేసుకున్నాడనిపించినా, అలా అర్థమయ్యేలా రాసింది మనమే కదా, ఆ వాక్యం మార్చండి. ఒప్పుకోలేనిదాన్ని కారణం చూపి మర్యాదగా కాదనొచ్చు, భయపడక్కర్లేదు.

అంగీకరించాక ప్రూఫ్ వస్తుంది, సాధారణంగా రెండు రోజుల గడువుతో. సంతోషంలో దాన్ని చూడకుండా సరేనని పంపేవాళ్లే ఎక్కువ. పేర్ల స్పెల్లింగులు చూడండి, మన ఇంటిపేర్లు ముందూ వెనకా అయిపోతాయి. ఆ తర్వాత ప్రతి యూనిట్ మీదా వేలు పెట్టి చూడండి. ఫాంట్ మారేటప్పుడు మైక్రో గుర్తు కాస్తా 'ఎమ్' అక్షరమై కూర్చుంటుంది, మైక్రోమోల్ మిల్లీమోల్ అవుతుంది. హార్బర్‌లో ఫాస్ఫేట్ ఒక్క రాత్రిలో వెయ్యి రెట్లు పెరిగిపోతుంది, కింద మీ పేరుంటుంది.